గతౌరాకు ఎనిమిది మంది పిల్లలు, ఒక నాన్న, ఒక బుట్ట లాల్‌భాజీ

గతౌరా మా బిలాస్‌పూర్‌కి పక్క స్టేషనే. సరదాకి అక్కడికి ఎవరూ వెళ్లరు. నేను వెళ్లింది మా ప్రిన్సిపాల్ గారి వల్ల. సర్కండాలోని మా బడిలో ఏడో తరగతికి శనివారం రెండు పీరియడ్లు నాకిచ్చారు. పాఠం చెప్పకుండా నిజమైన సమస్య ఒకటి పిల్లల ముందు పెట్టి, దారి వాళ్లనే వెతుక్కోమనాలి. నెలలు గడిచినా "మేడమ్, ఆన్సర్ చెప్పండి, రాసుకుంటాం" అనడం తప్ప వాళ్ల నుంచి ఇంకేం రాలేదు. "వచ్చే శనివారం లోగా వాళ్లంతట వాళ్లు ఆలోచించింది ఒక్కటి చూపించండి. లేదంటే ఆ పీరియడ్లు లెక్కలకు ఇచ్చేస్తాను" అన్నారావిడ. అందుకే ఈసారి సమస్య దగ్గరికే ఓ ఎనిమిది మంది పిల్లల్ని తీసుకెళ్దామనుకున్నాను.

ఆదివారం పొద్దున్న ఎనిమిది దాటాక ప్యాసింజర్ ఉంది. టికెట్ పది రూపాయలు. తోడుగా మా క్లాసు హారిక వాళ్ల నాన్న అప్పలరాజు గారు వచ్చారు. లోకో షెడ్‌లో ఫిట్టర్. తాతల నాడే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం. చాలా మంచి మనిషి, అదే నా ఖర్మ. రైలు ఎప్పుడొస్తుందో కనుక్కోమని పిల్లలకు చెప్పాను. వాళ్లు అడుగు వేసేలోపే ఆయన రైల్వేలోనే ఉన్న బావమరిదికి ఫోన్ చేసి, "అచ్ఛా, అచ్ఛా" అని తలూపి, "ఇంకో ముప్పావు గంట, కూకోండి" అనేశారు. పిల్లలు హాయిగా కూర్చున్నారు. మధ్యలో బొగ్గు బళ్లకు దారిస్తూ మా రైలు మళ్లీ ఆగింది. పావుగంట ప్రయాణానికి మీరు కూడా గంటన్నర చేతిలో పెట్టుకుని బయల్దేరండి.

స్టేషన్ నుంచి నాలుగు అడుగుల్లో ఫూల్‌బాయి ఇల్లు. రోజూ పొద్దున్నే ఒక బుట్ట లాల్‌భాజీ, అంటే ఎర్ర తోటకూర, రైల్లో బిలాస్‌పూర్ బజారుకు తెచ్చి అమ్ముతుంది. నేనూ ఆమె దగ్గరే కొంటాను, అడిగితే ఆ రోజు మా కోసం బజారు మానుకుంది. ఎన్ని నీళ్లు చల్లినా మధ్యాహ్నానికి కూర వాలిపోతుంది, మిగిలిన సగం ఆవుల పాలు. దీనికి ఏం చెయ్యాలి? ఇదీ సమస్య.

పిల్లలు అప్పుడే బుట్ట చుట్టూ చేరారు.

"ఏటి మేడమ్ గారూ, ఇంత చిన్న పనికి పిల్లల్ని ఎండలో కూకోబెట్టీసినారేటి?" అన్నారు అప్పలరాజు గారు. "మా క్వార్టర్‌లో పాత కూలరుంది. దాని ముందర బుట్ట ఎట్టీమనండి, అయిపోద్ది."

"బజార్లో నేల మీద కూర్చునే మనిషికి కరెంటు ఎక్కడిదండీ?"

"అదీ సూద్దుం. అక్కడ మనోలున్నారు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆలోచించాల్సింది వాళ్లండీ, మీరు కాదు అని దణ్ణం పెట్టి చెప్పాను. నేను మాత్రం జవాబు చెప్పలేదు. "మొక్కకు వేళ్లు ఎందుకుంటాయి, ఆలోచించండి" అన్నానంతే. వెంటనే ఇంకోసారి అన్నాను. ఆ తర్వాత వేళ్లున్న కట్ట ఒకటి తీసి, పక్కనే కుప్పగా ఉన్న తడి ఇసుక వైపు చూపించాను.

అప్పుడు హారిక లేచింది. "నాన్నా, అందరికీ భూఖ్ లగీ హై. స్టేషన్ దగ్గర సమోసాలు తేవా?" ఆయన పరుగున లేచారు. హారిక నా వైపు తిరిగింది. "మేడమ్, ఆప్ భీ జాయియే. నాన్న ఒక్కడే ఎలా మోస్తాడు?"

ఎనిమిది మంది పిల్లల సమోసాలు మోయడానికి ఇద్దరు పెద్దవాళ్లు ఎందుకో సగం దారిలో తట్టింది. కొట్టువాడు అప్పుడే పొయ్యి అంటించాడు. వేడి నూనె ముందు నిలబడి, అప్పలరాజు గారి కూలర్ మరమ్మతు కథ మొత్తం విన్నాను.

తిరిగి వచ్చేసరికి పిల్లలు ఫూల్‌బాయి కోడలి చుట్టూ మూగి ఉన్నారు. ఇసుక, వేళ్లు ఎవరికీ గుర్తు లేవు. "కూర తాజాగా ఎందుకుంచాలి మేడమ్? సగం తర్వాత కోస్తే సరి" అంది హారిక. పొద్దున్న సగం బుట్టే అత్త తీసుకెళ్తుంది. మిగతా సగం కోడలు మధ్యాహ్నం కోసి ఆ పూట రైల్లో తెస్తుంది. వీళ్లంతా రైల్వే వాళ్ల పిల్లలు కదా, ఆ రైలు వేళ వాళ్లకు నోటికొచ్చు. రెండో బుట్ట డబ్బులు తనవేనంటే కోడలు సరేనంది. అత్త ముఖం ముడుచుకుంది, కానీ వద్దనలేదు.

నాకు సంతోషమూ వేసింది, ఉక్రోషమూ వచ్చింది. పిల్లలకు ఆలోచించడం రాదని ఇన్నాళ్లూ విసుక్కున్నాను. వాళ్లకు కాస్త చోటు ఇవ్వనిది ఎవరో ఆలోచించలేదు. సోమవారం ప్రిన్సిపాల్ గారు అంతా విని, "ఇందులో మీరు అందించింది ఏమీ లేదని నమ్మకమేమిటి?" అని నిలదీశారు. "నేనక్కడ లేను మేడమ్. వాళ్లే పంపించేశారు" అన్నాను. పీరియడ్లు దక్కాయి.

మీరూ పిల్లలతో ఇలా వెళ్లాలనుకుంటే ఒక్క సలహా. సమోసాలు దగ్గర్లో దొరికినా సరే, దూరంగా ఉన్న కొట్టుకే వెళ్లండి.