గ్యాలన్ల మీద మల్సూర్ సారు పగ

గ్యాలన్, ఔన్సు, అంగుళం. ఈ మూడింటిలో ఏ ఒక్కటి చెవిన పడ్డా మల్సూర్ సారుకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. నేరేడుచర్ల బడిలో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. సున్నా చేరిస్తే తేలిపోయే కొలతలుండగా పన్నెండుతోనూ పదహారుతోనూ కుస్తీ పట్టేవాళ్ళను ఆయన క్షమించలేడు.

పక్కింటి అశ్వినికి ఈ కోపం బాగా అలవాటు. కోదాడలో ఇంజనీరింగ్ చదువుతూ ఆదివారాలు ఇంటికొచ్చే ఆ పిల్లకు, సారు తిట్లను ఇంగ్లీషులో టైపు చేసి ఓ పత్రికకు పంపడం డ్యూటీ అయిపోయింది.

ఒకసారి సారుకు జ్వరమొస్తే సూర్యాపేట దవాఖానకు తనే తోడు వెళ్ళింది.

"నూట రెండుంది," అన్నాడు డాక్టరు.

"నూటికే నీళ్ళు మసులుతయ్. సెంటీగ్రేడ్‌ల చెప్పండి," అని దుప్పట్లో వణుకుతూనే కసిరాడు సారు.

డాక్టరు ఫోనులో లెక్క కట్టి ముప్పై ఎనిమిది పాయింట్ తొమ్మిది అనేదాకా సూది వేయించుకోలేదు.

మిర్యాలగూడలో ప్లాటు చూపించిన బ్రోకరు రెండు వందల గజాలన్నాడని, చదరపు మీటర్లలో చెప్పనివాడి జాగా నాకొద్దని సారు ఎండలో వెనక్కి నడిచాడు. "గీయన గజాలల్ల కొనడు, మీటర్లల్ల ఎవరు అమ్మరు. గందుకే ఇంకా కిరాయింట్ల ఉంటున్నం," అంది ఆయన భార్య గోపమ్మ.

కానీ అసలు పగ ఓ ఇంగ్లీషు వ్యవసాయ మాసపత్రిక మీద. రెండేళ్ళ కిందట అశ్విని అందులో చదివి, వరి నారుకు జింకు మందు ఎంత కలపాలో తండ్రి సైదులుకు చెప్పింది. గ్యాలన్ నీళ్ళకు పావు ఔన్సు అని ఉంది. ఔన్సును గ్రాములు చేసింది గానీ గ్యాలన్ అంటే లీటరే అనుకుంది. మందు నాలుగింతలు పడి నారుమడి మాడిపోయింది.

"నీ ఇంగ్లీషు సదువు మడిని కాల్సింది. రేపటి సంది కాలేజీ బంద్," అన్నాడు సైదులు.

సారు ఆ పత్రిక పట్టుకుని ఊగిపోతూ వచ్చాడు.

"పిల్లనేమంటవ్ సైదులూ? లీటర్లు రాయకుండ గ్యాలన్లు రాసినోన్ని అను. వాని సంగతి నేను జూస్త."

గంటసేపు వాడకట్టంతా వినేలా తిట్టాడు. చివరికి సైదులు కూడా ఆ పత్రికనే తిట్టుకుంటూ బిడ్డను కోదాడ బస్సెక్కించాడు.

అప్పటినుంచి ఇరవై మూడు ఉత్తరాలు వెళ్ళాయి. మా పాఠకులు ఇంగ్లీషు చదివేవాళ్ళు, వాళ్ళకు ఔన్సులు అలవాటేనని ఎడిటర్ మొదట్లో జవాబిచ్చాడు.

"ఇంగ్లీషు చదివెటోని పొలంల నీళ్ళు గ్యాలన్లల్ల పారుతయా అని రాయి," అన్నాడు సారు.

"జర మర్యాదగ రాద్దాం సార్."

"మర్యాద ఎన్ని గ్రాములు గావాల్నో వాన్నే అడుగు."

మొన్న ఆదివారం జవాబొచ్చింది. వచ్చే నెల నుంచి గ్రాములు, లీటర్లే వాడతామని ఒప్పుకున్నారు. అశ్విని సారు ఇంట్లో కూర్చుని సంబరంగా చదువుతూ చివరి వాక్యం దగ్గర ఆగిపోయింది. మీరు తప్పుబట్టిన వ్యాసానికి గ్యాలన్‌కు ఎన్ని లీటర్లో చెప్పే పట్టిక తర్వాతి పేజీలోనే ఇచ్చాం, గమనించగలరు.

అలమారలోంచి ఆ పాత సంచిక తీసి, ఆరోజు తను తిప్పని పేజీ తిప్పింది. పట్టిక ఉంది. దాని చుట్టూ సారు ఎర్ర సిరాతో గుండ్రంగా గీసి తేదీ వేశాడు. నారు మాడిన రోజు తేదీ అది.

"మీకు గప్పుడే తెలుసా సార్?"

"గంత సన్నటి అక్షరాలు ఎవనికి కనపడతయ్? తప్పు వాళ్ళదే."

"తప్పు నాదే సార్. మా నాయినకు ఇయ్యాలనే చెప్త."

సారుకు నిజంగా కోపం వచ్చింది.

"నీ ఆఖరి పరీక్షలెప్పుడు?"

"మే నెలల."

"పట్టా చేతికొచ్చినంక చెప్పు. గప్పటిదాక తప్పు పత్రికదే."

అంతలో సైదులు గుమ్మంలోకొచ్చాడు. "పత్రికోళ్ళు తప్పు ఒప్పుకున్నరా సారూ?"

సారు ఆ సంచికను లాక్కుని కుర్చీలో వేసుకుని, దాని మీద కూర్చున్నాడు.

"ఒప్పుకోక ఏడికి పోతరు?" అని గద్దించాడు. అశ్విని నవ్వు ఆపుకోలేక చాయ్ పెట్టే వంకతో లోపలికి వెళ్ళిపోయింది.