గోడ మేకుకున్న రేకు

కిందటి నెల ఒక గురువారం పొద్దున బత్తలపల్లె నుంచి ఫోను వచ్చింది, బావ పోయాడని. మా అక్క భర్త, ఆ ఊళ్లో వెల్డింగు షాపు ఆయన. నేను బస్టాండు దాకా పోయి, ఇంటికి తాళం వేయలేదని గుర్తొచ్చి వెనక్కొచ్చి, మళ్లీ పోయాను. మొదటి నుంచీ నాకు కాలు ఒకచోట నిలవదు. ఈ నాలుగు మాటలు కూడా లేచి తిరుగుతూ, మళ్లీ కూర్చుంటూ రాస్తున్నాను.

తొంభైల చివర్లో అక్కకు మోకాళ్లు పోయాయి. బస్సు మెట్లు ఎక్కలేకపోయేది. బావ ఒక పాత కారు ఇంజను తెచ్చి షాపులో దించి, "మిగిలిందంతా మనమే కట్టుకుందాం" అన్నాడు. కిటికీ గ్రిల్లులు చేసే మనిషి కారు చేస్తాడా అని ఊరు నవ్వింది. నేనూ నవ్వి, నా సెలవు రోజని శుక్రవారం పోయి ఆయనతో చేరాను.

మొదటి గొడవ పైపుల దగ్గరే. మా చేలో నీళ్లు పడని బోర్ల నుంచి లాగిన పైపులు పడున్నాయి, గుండ్రంగా, దిట్టంగా. చట్రం వాటితోనే కట్టేద్దామన్నాను.

"రేకు యాడ ఆనిస్తావప్పా? గుండ్రం మీద గీతంత ఆనుతాది. స్క్వేర్ పైపయితే రెండు వేళ్ల వెడల్పు ఆనుతాది" అన్నాడు బావ.

"రేకు కప్పేదానికే కదా బావా?"

"కప్పేదానికి గుడ్డ చాలు. రేకు బిగించి రివెట్లు కొడితే చట్రం మెలి తిరగదు. రేకూ బరువు మోసేదే."

ఆయన పైపు కోసి, మూలమట్టం పెట్టి చూసి, టీ తాగి, మళ్లీ చూసేవాడు. నాకు ఒళ్లు మండేది. ఆయన కదిరికి పోయిన రోజు, అక్క కూర్చునే సీటు కింద అడ్డంగా ఒక బోరు పైపే అతికేశాను. పైపు మీది జింకు పూత గీకాలని తోచలేదు. తెల్లటి పొగ లేచింది. అది పీల్చి సాయంత్రానికి నాకు చలిజ్వరం.

బావ వచ్చి సుత్తితో రెండు దెబ్బలు వేస్తే అతుకు ఊడిపోయింది. లోపలంతా సన్నటి చిల్లులు.

"దీని మింద మీ అక్క కూచుంటాది" అన్నాడు, అంతే. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు. ఆ చోటికి స్క్వేర్ పైపు కోసిచ్చి, నా చేతనే అతికించాడు.

కారు పూర్తయింది. అన్ని చోట్లా రేకులు బిగించాడు గానీ, నా అతుకును మూసే రేకు మాత్రం బిగించలేదు. దాని బదులు చట్రం మెలి తిరగకుండా మూల నుంచి మూలకు ఒక ఇనప కమ్మీ వేశాడు. రేకు కోసి, రంధ్రాలు కూడా పెట్టి, గోడ మేకుకు తగిలించాడు.

"ఎప్పుడు మూయాల్నో నేను చెప్తా. అంతవరకూ శుక్రవారం శుక్రవారం వచ్చి నీ అతుకు నువ్వే చూసుకో."

పదేళ్లు చూశాను, కారు కింద పడుకుని, టార్చి వేసి, వేలితో తడిమి. ఆయన పక్కన గొంతుక్కూర్చుని "పగిలిండాదేమప్పా?" అనేవాడు. లేదంటే, "సరే, అన్నం తినిపో" అనేవాడు. అక్క ఆ కారులో ధర్మవరం, అనంతపురం అన్నీ తిరిగింది. అయినా ఒక్క శుక్రవారమూ మూయమనలేదు. నన్ను నమ్మలేదనే అనుకున్నాను. అది లోపల గుచ్చుతూనే ఉండేది.

దినాలు అయిపోయాక రేకు దించి, ఇప్పుడైనా బిగించొచ్చా అని అక్కను అడిగాను.

"మొదటి ఏడే బిగించొచ్చు అనినాడు మీ బావ. బిగిస్తే నువ్వు ఈడికి యాడొస్తావు, కాలు నిలవనోడివి? అందుకే చెప్పల్యా" అంది.

రేకును మళ్లీ మేకుకే తగిలించాను. నిన్న శుక్రవారం. కారు కింద చాలాసేపు కదలకుండా పడుకున్నాను. అతుకు బాగానే ఉంది. పక్కన, ఆయన గొంతుక్కూర్చునే చోట, రెండు పాదాల మేర నేల నున్నగా అరిగి ఉంది.