మెట్ల మీద డబ్బా టీచరు

మా తోడికోడలి గురించి చెప్పాలంటే ముందు మా ఇంటి మెట్ల గురించి చెప్పాలి. కింద మేముంటాం, పైన వాళ్ళుంటారు. మధ్యలో మెట్లు ఇద్దరివీ. పేరుకే ఇద్దరివి! ఒక్కో మెట్టు మీద ఆవిడది ఒక్కో సంచి. ఒకదాంట్లో ఖాళీ అగ్గిపెట్టెలు, ఇంకోదాంట్లో సీసా మూతలు, మరోదాంట్లో కోడిగుడ్ల అట్టలు, పాత పేపర్లు, విరిగిన గొడుగు ఊచలు, పట్టీ ఊడిపోయిన చెప్పులు. కడిగిన పాల కవర్లు మా బట్టల తీగ మీద, నా చీరల పక్కన, క్లిప్పులు పెట్టి మరీ ఆరేస్తుంది. చూసినవాళ్ళు ఇదేం ఇల్లమ్మా అని అడిగితే నేనేం చెప్పను? మా అక్క స్కూల్లో టీచరండీ, పిల్లలకి పనికిరాని వస్తువులతో బొమ్మలు చెయ్యడం నేర్పుతుంది అని పళ్ళు కొరుక్కుంటూ చెప్పేదాన్ని.

అక్క అని పిలుస్తాను గానీ అందులో అక్కతనమేమీ లేదు. మా ఇద్దరికీ మొదటినుంచీ ఉప్పూ నిప్పే. నేను కాపురానికొచ్చిన కొత్తలో, మా ఆయనకి ఇష్టమని తెచ్చుకున్న బిస్కెట్ల డబ్బా మూత తీసి, మిగిలినవన్నీ ఒక గిన్నెలో పోసి, డబ్బా పట్టుకుని చక్కా పోయింది. అడిగితే, "బిస్కెట్లు నీవి, డబ్బా ఖాళీ" అంది. ఖాళీ చేసింది ఎవరు తల్లీ?

స్కూల్లో పిల్లలు ఆవిడని డబ్బా టీచరంటారు. ముద్దుగా అనుకునేరు! భయంతో. ఆవిడ నవ్వదు. ఒక్క బొమ్మని బాగుందనదు. పిల్ల తెచ్చి చూపిస్తే అటూ ఇటూ తిప్పి, "నీకు బాగుందా?" అని అడుగుతుంది. పిల్ల బాగుందంటే "సరే పెట్టు" అంటుంది. లేదంటే "చూసుకో" అంటుంది. అంతే. జిగురు కారిపోతున్నా, ఏనుగుకి తొండం తోక దగ్గర అతుక్కున్నా చెయ్యి వెయ్యదు. పిల్ల చేసిన వస్తువు మీద ఇంకొకరి చెయ్యి పడకూడదట! అదీ ఆవిడ రూలు. చిన్నప్పుడు ఆవిడ కుట్టిన జేబురుమాలు వంకరగా ఉందని వాళ్ళ అమ్మ రాత్రికి రాత్రి విప్పి మళ్ళీ కుట్టిందట. దానికి ఫస్టు ప్రైజు వచ్చిందట. ఆ ప్రైజు కప్పులో ఇప్పుడు మా బావగారు మేకులు పోసుకుంటారు.

మా అమ్మాయి, బుడ్డిది అంటాం, ఆవిడ క్లాసులోనే పడింది. నా ఖర్మ. నేను ఇంట్లో మిషను కుడతాను. పొద్దున్నే కూర్చుంటే ఊపిరాడదు. ఉన్న ఒక్క పిల్లకీ జడలు వేసేది, బొత్తాలు పెట్టేది, బూట్ల తాళ్ళు కట్టేది అన్నీ నేనే. అది చేస్తే తెల్లారుతుంది, నాకు అంత తీరిక ఎక్కడిది? కత్తెర అసలు ముట్టుకోనివ్వను. అలాంటి పిల్ల ఒకరోజు వేలికి గుడ్డ చుట్టుకుని వచ్చింది. ఒళ్ళు మండిపోయి పైకెళ్ళాను.

"అక్కా! దానికి కత్తెర పట్టుకోవడం రాదని నీకు తెలీదా?"

"తెలుసు. నువ్వు ఇవ్వలేదుగా."

"రేపు వేలు తెగితే ఎవరిది పూచీ?"

"గీసుకుంది, తెగలేదు. ఇవాళ రెండోసారి పట్టుకున్నప్పుడు గీసుకోలేదు" అని అగ్గిపెట్టెలు సర్దుకుంటోంది. చీమ కుట్టినట్టైనా లేదు! నేను అరిచిన అరుపులకి పక్కింటివాళ్ళు కిటికీలు వేసుకున్నారు.

ఏటా ఆ స్కూల్లో పిల్లల పనులన్నీ బల్లల మీద పెట్టి పెద్దవాళ్ళని పిలుస్తారు. మిగతా క్లాసుల సంగతి మాకు తెలియందేం కాదు. ముందురోజు తల్లులందరూ పిల్లల చార్టులు తెచ్చుకుని, వాళ్ళే రంగులేసి, వాళ్ళే రాసి పంపిస్తారు. టీచర్లకీ తెలుసు, పెద్ద మేడానికీ తెలుసు. అందరూ పిల్లల్ని మెచ్చుకుని తల్లుల వైపు చూసి నవ్వుతారు. ఈవిడ గది మాత్రం తాళం. ఎవరినీ రానివ్వదు. పోయినేడు వచ్చిన పెద్దమనిషి ఎవరో ఆవిడ బల్ల చూసి, "ఇంకా ఊడ్చలేదా ఇక్కడ?" అన్నాడట.

దాంతో పెద్ద మేడం తేల్చి చెప్పేసింది. ఈసారి బల్ల చూడ్డానికి బాగుండాలి, లేకపోతే ఆ గది కంప్యూటర్లకి ఇచ్చేస్తాను, మీ పీరియడు ఉండదు అని. మా బావగారు చెప్పారు మాకు. ఆయన మాట్లాడడమే అరుదు, ఆరోజు మా ఇంటికొచ్చి కుర్చీలో కూర్చుని, "ఆ గది పోతే ఆవిడ ఏమైపోతుందో" అన్నారు. నిజమే, ఆవిడకి ఇంకేముంది? సినిమా లేదు, షికారు లేదు, చుట్టాల్లేరు. పొద్దున లేస్తే ఆ గదే. నాకు జాలి వేసిందా అంటే వేసింది. అది నాకు నచ్చలేదు.

సరే, సాయం చేద్దామని వెళ్ళాను. "అక్కా, తాళమియ్యి. నా దగ్గర మంచి లేసులున్నాయి, చమ్కీలున్నాయి. కనీసం మా బుడ్డిదాని బొమ్మ అయినా సర్దుతాను. నీకూ మంచిదే."

"బుడ్డిదాన్ని అడుగు. అది ఒప్పుకుంటే ఇస్తా."

అడిగాను. నా కూతురు, నేను నోట్లో ముద్ద పెడితే గానీ తినని నా కూతురు, తల అడ్డంగా ఊపింది! "ఏం బొమ్మే?" అంటే చెప్పలేదు. ఆవిడ మంత్రం వేసింది పిల్లకి. ఇక ఆ గది ఏ గంగలో కలిస్తే నాకెందుకని మిషను ముందు కూర్చున్నాను.

తెల్లారింది, ప్రదర్శన రోజు. బుడ్డిదాన్ని ముందే స్కూలుకి పంపేశాను. నేను తర్వాత వెళ్దామని ఒక జాకెట్టు చేతులు అతుకుతుంటే మెట్ల దగ్గర దబదబా చప్పుడు. వెళ్ళి చూస్తే స్కూలు అటెండరు. ఇంతింత గోనెసంచులు మెట్ల మీద పెట్టి చెమట తుడుచుకుంటున్నాడు.

"ఏంటయ్యా ఇవి?"

"ఏముంటాయమ్మా, టీచరుగారి చెత్త. పొద్దున్నే ఇంకో తాళంచెవితో గది తీయించి, బల్ల మీద ఉన్నదంతా తీసి చెత్తలో పారెయ్యమంది పెద్ద మేడం. పారేస్తే టీచరుగారు నన్ను బతకనిస్తారా? ఎప్పుడు ఏ చెత్త మిగిలినా ఇంటికే కదా పంపుతారు, అందుకని తెచ్చేశా" అని వెళ్ళిపోయాడు.

నాకు కోపం నెత్తికెక్కింది. ఉన్న సంచులు చాలవా? పైగా మెట్ల మీద అడుగు పెట్టే చోటు లేదు. ఆ కోపంలో పై సంచిని కాలితో ఒక్క తన్ను తన్నాను. అది దొర్లుకుంటూ వెళ్ళి మూతి విప్పుకుని మా గుమ్మంలో కక్కేసింది. గుడ్ల అట్ట మొసలి. పేస్టు డబ్బా రైలు. పాల కవర్ల గొడుగు. అన్నిటికంటే చివర దొర్లుతూ వచ్చి నా కాలి దగ్గర ఆగింది ఒక బొమ్మ.

చూడగానే గుర్తుపట్టాను, మా బుడ్డిదాని బొమ్మ. ఒళ్ళేమో నా మిషను నూనె డబ్బా, సొట్ట కూడా అదే. చేతులు, నేను అంకెలు అరిగిపోయాయని పారేసిన టేపు ముక్కలు. ఎవరు కత్తిరించారోగానీ అంచులు ఎలుక కొరికినట్టున్నాయి. జుట్టు నల్లదారం. కళ్ళు రెండు బొత్తాలు, ఒకటి చొక్కాది, ఒకటి కోటుది. ముందు అగ్గిపెట్టె మిషను, దాని మీద దారపుండ. ఇక మొహం నిండా, కళ్ళ కింద నుంచి గడ్డం దాకా, ఎర్రటి సీసా మూత. బోలు వైపు బయటికి పెట్టి అతికించింది. నోరు! అది నా నోరు!

ఎంత పొగరు! నేను ఇంత నోరేసుకుని ఉంటానా? మా ఆయన వెనకనుంచి తొంగిచూసి, "అచ్చం నువ్వే" అని, నా చూపు చూసి లోపలికి పారిపోయారు.

అప్పుడు వెలిగింది. ఇవి ఇక్కడుంటే మరి బల్ల మీద ఏమున్నట్టు? పిల్లలందరూ కొత్త బట్టలు వేసుకుని, మావి మావి అని చూపించడానికి వెళ్ళారే! నా కూతురు పొద్దున అద్దం ముందు నిలబడి తనంతట తనే బొత్తాలు పెట్టుకుంది, ఒకటి తప్పు కాజాలోకి పోయినా నన్ను సరిచెయ్యనివ్వలేదు. 

స్కూలు మా వీధి చివరే. దొర్లినవన్నీ సంచిలో తోసి, ఒక సంచి నేను, ఒకటి మా ఆయన, ఈడ్చుకుంటూ పోయాం. మెడలో టేపు ఉందన్న సంగతి కూడా నాకు గుర్తులేదు.

డబ్బా టీచరు గదిలో బల్ల మెరిసిపోతోంది. దుకాణంలో కొన్న పూలగుత్తులు, నెమళ్ళు, మెరుపు కాగితం కోటలు. ఒక్కో దాని కింద ఒక్కో పిల్ల పేరు! పెద్దమనుషులు ఫొటోలు తీసుకుంటున్నారు. పిల్లలు గోడకి ఆనుకుని నిలబడ్డారు. మా బుడ్డిదాని పేరు ఒక నెమలి కింద ఉంది. అది నెమలి వంక చూడడం లేదు, బల్ల కిందకి వంగి వెతుకుతోంది. మా తోడికోడలు మూల చేతులు కట్టుకుని నిలబడి ఉంది, మొహం రాయిలా.

నేను ఇంకేమీ ఆలోచించలేదు. నెమళ్ళనీ కోటల్నీ మోచేత్తో పక్కకి నెట్టి, సంచి ఎత్తి బల్ల మీద కుమ్మరించాను.

"ఏంటమ్మా ఈ చెత్త!" అని అరిచింది పెద్ద మేడం.

"చెత్తే! మా ఇంట్లో నుంచి వచ్చిన చెత్త, వీళ్ళందరి ఇళ్ళలోనుంచి వచ్చిన చెత్త. కొన్న నెమలి కింద నా కూతురి పేరు పెట్టడానికి నీకు సిగ్గులేదా?"

"మీ తోడికోడలికి పని చేతకాక..."

"ఏయ్! ఆవిడకి చేతకాదని నేనంటాను. మెట్లు ఆక్రమించిందంటాను, మొండిదంటాను, రాక్షసంటాను. రోజూ ఒకే పంపు దగ్గర నీళ్ళు పట్టుకుని చస్తున్నదాన్ని, నాకు హక్కుంది. నువ్వెవరివి అనడానికి?"

పెద్దమనుషులు ఫొటోలు ఆపేశారు. ఈలోపు పిల్లలు బల్ల మీద పడ్డారు. "నా మొసలి!" "ఇది మా తాతయ్య కళ్ళజోడు పెట్టె, నాదే!" మా బుడ్డిది నూనె డబ్బా బొమ్మ లాక్కుని గుండెకి హత్తుకుని, మళ్ళీ చూసుకుని బావురుమంది. "అమ్మా! నోరు ఊడిపోయింది!"

పెద్ద మేడం మా తోడికోడలి వైపు తిరిగింది. "రేపటినుంచి ఈ గది కంప్యూటర్లకే. మీకు కావాలంటే లెక్కల క్లాసు ఇస్తాను."

మా తోడికోడలు తాళంచెవి తీసి నెమలి పక్కన పెట్టి, బయటికి నడిచింది.

నేను వెనకాలే పరుగెత్తాను. పోనీ, ఒక మంచిమాట అంటుందేమోనని ఆశ. నాకు బుద్ధిలేదు. గేటు దాటగానే నా మీదికి తిరిగింది.

"ఎవరు రమ్మన్నారు నిన్ను?"

"అదేంటక్కా! నీ గది కోసమే కదా..."

"పొద్దుటినుంచీ నోరు మూసుకుని నిలబడ్డానా లేదా? నా చేతకాకా? పిల్లలే అడగాలని నిలబడ్డాను. మా బొమ్మలేవి అని వాళ్ళు అడగాలి, వాళ్ళ నోటితో. నీ కూతురు బల్ల కిందనుంచి లేచి నోరు తెరిచింది. అప్పుడే నువ్వు ఊడిపడ్డావు! దానికి బొత్తాలు నువ్వే పెట్టాలి, ముద్ద నువ్వే పెట్టాలి, చివరికి మాట కూడా నువ్వే మాట్లాడాలా?"

 ఎక్కడో లోపల తగిలింది. అందుకే ఇంకా కోపమొచ్చింది. "గది పోయినా నీ పొగరు పోలేదు!" అన్నాను.

"సంచి అలాగేనా కుమ్మరించేది? ఎన్ని విరిగాయో చూశావా?"

"విరిగితే అతికించు!"

"నేనెందుకు అతికిస్తాను? ఎవరివి వాళ్ళే అతికించుకుంటారు."

ఆ తర్వాత మాకు మాటల్లేవు. ఆవిడ పైనుంచి దిగలేదు. అటెండరు బొమ్మలన్నీ మళ్ళీ సంచుల్లో తెచ్చి మెట్ల మీద పెట్టిపోయాడు, వాటిని ఎవరూ కదపలేదు. అటువైపు చూడాలంటే నాకే ఎలాగో ఉండేది.

ఆదివారం పొద్దున తలుపు తీసేసరికి మెట్ల మీద పిల్లలు. ఎవరు రమ్మన్నారో, ఎవరికి తోచిందో! మొసలి పిల్ల నడిమి మెట్టు మీద, రైలు పిల్లాడు కింద మెట్టు మీద, ఒడిలో విరిగిన ముక్కలు, మధ్యలో జిగురు. మా బుడ్డిది వాళ్ళ నడుమ. పై మెట్టు మీద డబ్బా టీచరు చేతులు కట్టుకుని కూర్చుంది. "నీకు బాగుందా?" "లేదు టీచర్." "చూసుకో." మళ్ళీ మొదలు! కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్ళని నేను ఎలా లోపలికి రానివ్వాలి?

విసురుగా వెళ్ళి ఖాళీ గోనెసంచిని తిరగేసి దులిపాను. టక్కుమని నా కాలి మీద ఏదో పడింది. ఎర్ర మూత.

గుప్పెట్లో దాచేశాను. బుడ్డిది బొమ్మ పట్టుకుని పెద్దమ్మ దగ్గర నిలబడి ఉంది. "నోరు దొరకలేదు టీచర్."

"ఇంకో మూత వెతుక్కో. లేదా నోరు లేకుండా వదిలెయ్యి. నీ బొమ్మ, నీ ఇష్టం."

"ఇలాగే బాగుందమ్మా, ప్రశాంతంగా" అన్నారు మా ఆయన కిటికీలోంచి. పిల్లలు కిసుక్కున నవ్వారు.

నోరు లేని నన్ను చూశాను. మిషను ముందు వంగి కూర్చుని, బొత్తాల కళ్ళేసుకుని, ఎంత మర్యాదగా ఉన్నానో! మూత గుప్పెట్లో ఉంచుకుంటే చాలు, ఇలాగే ఉండిపోతాను. చేతులు టేపు ముక్కలు, ఎలుక కొరికినట్టున్న అంచులు. బుడ్డిదే కత్తిరించింది. వేలు గీసుకుని మరీ కత్తిరించింది.

"ఇదిగో" అన్నాను, మూత దాని చేతిలో కొట్టినట్టు పెట్టి. "నా నోరు. నువ్వే అతికించు."

బుడ్డిది నా వైపు చూసింది, బొమ్మ వైపు చూసింది. ఒక్క చుక్క జిగురు పెట్టి మూతని నొక్కబోయింది.

పై మెట్టు మీదనుంచి మా తోడికోడలు, ఏ పిల్లకీ ఏనాడూ ఒక్క సలహా ఇవ్వని మనిషి, నా మొహంలోకే చూస్తూ అంది, "ఇంకొంచెం పెట్టవే. ఆ నోటికి అది చాలదు."

నేను బదులు చెప్పేలోగా మా అమ్మాయి జిగురు సీసా మొత్తం ఒంపేసింది.