ఉల్లిపొరలోని అనుకేంద్రకం

కళాశాల జీవశాస్త్ర ప్రయోగశాలలో ముప్పై ఒక్క సంవత్సరాలుగా ఉల్లిపొరలు తీస్తున్న ఆ మనిషికి తల్లిదండ్రులు పెట్టిన పేరు జీతాల పట్టీలో తప్ప మరెక్కడా మిగలలేదు. విద్యార్థులకూ, ఉపాధ్యాయులకూ, చివరకు గేటు దగ్గరి కాపలాదారుకూ ఆయన ఉల్లిబాబాయే. ఉల్లి చేసే మేలు తల్లి కూడా చేయదని పెద్దలన్నారు. కాని ఆ ఉల్లికి తాను చేస్తున్న మేలును గుర్తించిన వారెవరూ లేరని బాబాయికి లోలోపల చిన్న వెలితి ఉండేది.

ఆయన పనితనం మాత్రం చూసి తీరవలసినది. గడ్డను నాలుగు చెక్కలుగా కోసి, మధ్య రేకును చటుక్కున విరిచి, లోపలి వంపు మీద అంటుకొని ఉండే పలచని పొరను పట్టకారుతో ఒక్క లాగున ఊడదీసేవాడు. దానిని నీళ్ళలో పరచి, గోరంత ముక్క కత్తిరించి, గాజుపలక మీదికి కుంచెతో ఎక్కించి, ఎర్రరంగు చుక్క వేసి కడిగి, పైన పలచని గాజుబిళ్ళ మూసేవాడు. అప్పుడు సూక్ష్మదర్శినిలో కన్ను పెట్టిన వారికి ఇటుకలు పేర్చినట్లు వరుసలుగా కణాలు కనబడేవి. ప్రతి కణానికీ ఒక గోడ, గోడ లోపల కణద్రవ్యం, అందులో ఎర్రని బొట్టులా కేంద్రకం. ఆ కేంద్రకానికి కొంచెం దిగువగా, నల్లని అంచుతో, ధగధగ మెరిసే నడిభాగంతో ఒక గుండ్రని వస్తువు. దాని పేరు అనుకేంద్రకం.

ఈ అనుకేంద్రకం ప్రపంచంలో మరే ఉల్లిపాయలోనూ లేదు. ఆ సంగతి బాబాయి ఒక్కడికే తెలుసు.

అది పుట్టిన రోజు ఆయనకు నిన్నటిలా గుర్తు. ఉద్యోగంలో చేరిన మొదటి వారం. గాజుబిళ్ళను సూది ఆసరాతో ఏటవాలుగా, నెమ్మదిగా దించాలి. అలా దించితే గాలి పక్కకు తప్పుకొంటుంది. కొత్త చెయ్యి వణికింది. బిళ్ళ చప్పున బోర్లాపడింది. లోపల గాలిబుడగ చిక్కుకుంది. సరిగ్గా ఆ గాజుపలకే, ఎప్పుడూ ముందు బల్ల మీద కూర్చునే ఒక బుద్ధిమంతుడి వంతుకు వచ్చింది. అతడు కనబడినదంతా శ్రద్ధగా గీశాడు; బుడగను కూడా గీశాడు. నాటి ఉపాధ్యాయుడు ఒక కంటితో పటాన్నీ, మరొక కంటితో గడియారాన్నీ చూచి సంతకం చేశాడు. ఆ రికార్డుకు కళాశాలలోకెల్ల ఎక్కువ మార్కులు వచ్చాయి. ఎక్కువ మార్కులు వచ్చిన రికార్డు తరువాతి సంవత్సరపు విద్యార్థుల చేతికి చేరడం, వారు మక్కికి మక్కి దించడం ఆ కళాశాలలో గాలీ వెలుతురూ ఉన్నంత సహజం.

నాలుగేళ్ళు ఆ సున్న పేరులేకుండానే బతికింది. ఐదవ ఏట ఎవరో పుణ్యాత్ముడు బాణపుగుర్తు గీసి ‘అనుకేంద్రకము’ అని రాశాడు. పదవ ఏట దానికొక కర్తవ్యం లభించింది: ‘కేంద్రకమునకు సహాయము చేయును.’ పదిహేనవ ఏట దాని లోపం వలన కలిగే వ్యాధి కూడా లభించింది. ఈలోగా ముందు బల్ల బుద్ధిమంతుడు పైచదువులు చదివి, అదే కళాశాలకు ఉపాధ్యాయుడై తిరిగివచ్చి, క్రమంగా శాఖాధిపతి అయ్యాడు. ఆ సున్న తన చేతి బిడ్డ అని అతడికి జ్ఞాపకం లేదు. ఎదిగిన బిడ్డను చూచి ముచ్చటపడి, దానికి రెండు మార్కులు కేటాయించాడు.

అసలు వేడుక అంతకంటె ముందే మొదలయింది. రెండవ సంవత్సరం బాబాయి చెయ్యి కుదిరింది, బుడగ రాలేదు. పిల్లలు గగ్గోలు పెట్టారు. “బాబాయ్, రికార్డులో ఉన్న సున్న ఇందులో లేదేంటి? పాడైపోయిన ఉల్లిపాయ తెచ్చావా?” అని నిలదీశారు. నాటి ఉపాధ్యాయుడు, సామాను సరిగా చూసి కొనలేదని నలుగురిలో మందలించాడు. ఆ సాయంత్రం బాబాయి ఒంటరిగా కూర్చుని, గాజుబిళ్ళను ఏ ఎత్తునుండి వదిలితే బుడగ కేంద్రకం కింద పడుతుందో సాధన చేశాడు. అప్పటినుండి ఏ ఏడూ పిల్లలు నిరాశపడలేదు.

శాఖాధిపతి పాఠం చెబుతుంటే బాబాయి తలుపు పక్కన నిలబడి వినేవాడు. కణవిభజనకు ముందు డీఎన్ఏ తన నకలును తానే తయారుచేసుకొనే విధం శాఖాధిపతికి ప్రియమైన పాఠం. “జంటపోగులు విడిపోతాయి. ప్రతి అక్షరానికీ ఎదురుగా దాని జత అక్షరమే వచ్చి కూర్చుంటుంది. పొరపాటున వేరే అక్షరం కూర్చుంటే, ఆ నకలు రాసే ఎంజైమే ఒక అడుగు వెనక్కి వేసి, తప్పును కత్తిరించి, సరైనది పెట్టి ముందుకు పోతుంది. ఈ దిద్దుబాటు లేకపోతే తప్పులు తరతరాలకూ పేరుకుపోతాయి!” అని బల్ల గుద్ది చెప్పేవాడు. విద్యార్థులు ఆ పాఠాన్ని పాత నోటుపుస్తకాల నుండి దించుకొనేవారు. ఒక పుస్తకంలో ‘ఇక్కడ సారు దగ్గారు’ అని ఎవరో రాసుకొన్న మాట కూడా ఆరు తరాలుగా భద్రంగా దిగుమతి అవుతూనే ఉంది.

తాను విన్నదాన్ని బాబాయి ఇంటికి మోసుకుపోయేవాడు.

“విన్నావా, కేంద్రకం తన గది దాటి బయటికి రాదుట. అసలు పత్రం లోపలే దాచిపెట్టుకుని, ఒక నకలు రాయించి బయటికి పంపుతుందిట. బయట రైబోజోములని ఉంటాయి. అవి ఆ నకలు చూసి మాంసకృత్తులు తయారుచేసి పెడతాయి. అచ్చం మా సారూ, నేనూ!”

“అయితే మీరు రైబోజోమా?” అంది భార్య, ఆరిన బట్టలు మడతపెడుతూ.

“మరి!”

“ఆ నకల్లో తప్పుంటే?”

“ఉంటే ఏముంది, తప్పుదే తయారవుతుంది. రైబోజోముకి అడిగే నోరుండదు.”

“అందుకేనా నేను ఏం చెప్పినా వినకుండా, వాళ్ళేం చెప్పినా చేసేస్తారు? సరేలెండి, ఇంకో ఆర్నెల్లలో దిగిపోతారు కదా. ఇంట్లో కూర్చుని నా వంటింట్లో పొరలు తీయకండి, మీకు దణ్ణం.”

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. పదవీ విరమణ తరువాత తాను ఏమి చేయాలో ఆయనకు తెలియదు. శాఖాధిపతి మాత్రం, “నీకు రెండేళ్ళు పొడిగింపు రాయిస్తాలేవయ్యా, నీ అంత బాగా అనుకేంద్రకం చూపించేవాడు నాకెక్కడ దొరుకుతాడు?” అని అభయమిచ్చాడు. కాగితం సిద్ధమై అతడి బల్ల మీదనే ఉంది. సంతకం ఒక్కటే తరువాయి.

పరిస్థితి ఇలా ఉండగా ప్రయోగ పరీక్ష వచ్చింది.

ఆ ఏటి విద్యార్థులలో ముప్పై ఎనిమిదేళ్ళ స్త్రీ ఒకామె ఉండేది. పెద్దాసుపత్రిలో రక్తపరీక్షల గదిలో తొమ్మిదేళ్ళుగా తాత్కాలిక ఉద్యోగం. అందుచేత పిల్లలామెను రక్తాలక్క అనేవారు. నెలాఖరులోగా పట్టా చూపకపోతే ఆ కుర్చీ వేరొకరికి పోతుందని ఆసుపత్రివారు కాగితమిచ్చారు. అన్నీ గట్టెక్కి, ఈ ఒక్క ప్రయోగ పరీక్ష మిగిలింది.

పరీక్షలో ఎవరి గాజుపలక వారే తయారుచేసుకోవాలి. కనుక బాబాయి బల్లల మధ్య పచార్లు చేస్తూ, అవసరమైన చోట గాజుబిళ్ళలను తానే వదిలి పుణ్యం కట్టుకొనేవాడు. రక్తాలక్క బల్ల దగ్గరకు వచ్చేసరికి, ఆమె సూది ఆసరాతో బిళ్ళను నీటి మీద ఆకు వాలినంత మెత్తగా దించి ముగించింది.

“ఇలా ఇయ్యమ్మా, మళ్ళీ వేసిపెడతాను,” అన్నాడు బాబాయి గొంతు తగ్గించి.

“ఎందుకు బాబాయ్? బుడగ రాలేదుగా.”

“అదే... రావాలి.”

ఆమె ఆయన ముఖంలోకి చూచింది. “రోజుకి వంద రక్తపుచుక్కలు చూస్తాను బాబాయ్. బుడగని కణం అనుకుంటే మా పేషెంటు గతేంటి?”

బాబాయి పక్క బల్లకు కదిలాడు. ఆమె కనబడినదే గీసింది. అనుకేంద్రకం ఎక్కడని అడిగిన ప్రశ్నకు ఎదురుగా ‘కనబడలేదు’ అని రాసింది.

శాఖాధిపతికి ఆ ఒక్క మాట చెంపదెబ్బలా తగిలింది. “ప్రధాన భాగం లేని పటం పటమే కాదు!” అని పటం మొత్తానికీ సున్న చుట్టాడు. సున్నలు చుట్టడంలో అతడిది చిన్ననాటి చెయ్యి. దానితో ఆమె మూడు మార్కుల తేడాతో తప్పింది.

అయితే ఆ మార్కుల పట్టీ మీద మరొక సంతకం కూడా పడాలి. వేరే కళాశాల నుండి వచ్చిన పరీక్షకురాలు నెరిసిన జుట్టు గల పెద్దావిడ. ఆవిడ కలం ఎత్తి ఆగింది.

“ఈ అనుకేంద్రకం అంటే ఏంటండీ?”

మూలనున్న యువ ఉపాధ్యాయుడు ఆవిడను ఆదుకోబోయి, “కొత్త సిలబస్‌లో వచ్చిందేమో మేడమ్,” అన్నాడు. ఆవిడ కూడా ఒక క్షణం, తనకు తెలియనిది ఏదో శాస్త్రంలో చేరిందేమోనని తటపటాయించింది. చదువుకొన్నవారికి ‘నాకు తెలియదు’ అనే మాట వేపాకు కంటె చేదు. కాని ఆవిడ దానిని మింగింది. “నాకు తెలీదు. చూపించండి,” అంది.

“దానికేం భాగ్యం!” అని శాఖాధిపతి బాబాయిని పిలిచాడు. “ఏవయ్యా, మేడమ్‌గారికి ఓ స్లయిడ్ వేసి చూపించు. నీ చేత్తో మంచిది.”

గుమ్మం బయట రక్తాలక్క ఆసుపత్రి కాగితాన్ని మడతపెడుతూ, విప్పుతూ నిలబడి ఉంది. బాబాయి ఆమెను చూచాడు. శాఖాధిపతి బల్ల మీది తన పొడిగింపు కాగితాన్నీ చూచాడు. తన నోటితో ఎవరినీ తప్పుపట్టనక్కరలేదు. ఒక్క శుభ్రమైన గాజుపలక వేస్తే చాలు, నిజం దానంతటదే కనబడుతుంది, కర్ర విరగదు, పాము చావదు. ఈ ఉపాయం ఆయనకు ఎంతో నచ్చింది. పొర తీశాడు, రంగు వేశాడు, సూది ఆసరాతో బిళ్ళను దించాడు.

పరీక్షకురాలు కన్ను పెట్టింది. “ఉందే! కేంద్రకం కిందే ఉంది.”

బాబాయి నిర్ఘాంతపోయాడు. రెండవది వేశాడు. దానిలోనూ ఉంది. మూడవది, ఊపిరి బిగబట్టి, రెండు చేతులతో దించాడు. చివరి వెంట్రుకవాసి దూరంలో ఆయన వేళ్ళు, ముప్పై ఏళ్ళుగా నేర్చిన విద్యను మరువలేక, బిళ్ళను వదిలేశాయి. బుడగ కేంద్రకం కింద ముద్ర వేసినట్లు కూర్చుంది.

“చూశారా మేడమ్!” శాఖాధిపతి ముఖం చింకి చాటంత అయింది. “మూడింట మూడు! ఇంతకంటే రుజువేం కావాలి? ఇహ సంతకం పెట్టండి.”

ఆవిడ కలం మూత తీసింది.

“ఆగండమ్మా,” అన్నాడు బాబాయి. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. “అది ఉల్లిపాయలో లేదండీ. నా చేతిలో ఉంది.”

“ఏం మాట్లాడుతున్నావయ్యా?” అని శాఖాధిపతి గద్దించాడు.

“గాలండీ అది. మేడమ్‌గారూ, మీరు కన్ను తియ్యకండి, అలాగే చూస్తూ ఉండండి.” ఆయన సూదిమొనను గాజుబిళ్ళ అంచున ఆనించి మెల్లగా నొక్కాడు.

“కదులుతోంది,” అంది ఆవిడ. “పక్క కణంలోకి పోయింది... అరె, గోడ దాటేసింది! ఇంకో ఇంటికి... ఇంకో ఇంటికి...” ఆవిడ భుజాలు నవ్వుతో అదరసాగాయి. “అయ్యో, బయటికే వెళ్ళిపోయిందండీ!”

“అంటే,” శాఖాధిపతి గొంతు సవరించుకొన్నాడు, “చలనం గల అంగమన్నమాట.”

“అంగం కాదండీ, బుడగ. ఎన్నాళ్ళ నించి జరుగుతోందిది?”

“ముప్పై ఒక్కేళ్ళండీ,” అన్నాడు బాబాయి. “మొదటిసారి చెయ్యి వణికింది. ఆ తర్వాత వణకలేదు, కావాలనే వేశాను. కనపడకపోతే పిల్లలు గోల చేసేవాళ్ళు.”

“మరి దాన్ని మొట్టమొదట రికార్డులో గీసిందెవరు?”

శాఖాధిపతి కళ్ళద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టాడు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి. చేతులు మాత్రం, ఏదో గుర్తుకు వస్తున్న మనిషి చేతుల్లా, ఆగి ఆగి కదిలాయి.

బాబాయి ఒకసారి అటు చూచి, “గుర్తులేదమ్మా,” అన్నాడు. “ఎవరో బాగా చదివే పిల్లాడు. కనిపించింది కనిపించినట్టే గీశాడు పాపం, అతని తప్పేం లేదు.”

పరీక్షకురాలు సున్నను కొట్టివేసి, పటానికి పూర్తి మార్కులు వేసి సంతకం చేసింది. శాఖాధిపతి కూడా ఆ సంతకం కింద సంతకం చేశాడు. గుమ్మంలో నిలబడిన రక్తాలక్క పట్టీ చూచుకొని, ఏడవబోయి, నవ్వి, “ఆసుపత్రికి రండి బాబాయ్, చెయ్యి వణుకుతోందో లేదో ఊరికే పరీక్ష చేసిపెడతాను,” అని పరుగున వెళ్ళిపోయింది. నెలాఖరుకు ఇంకా నాలుగు రోజులు ఉన్నాయి.

మరునాడు శాఖా సమావేశం జరిగింది. అనుకేంద్రకం లేదని తీర్మానిస్తే వెనుకటి మార్కులన్నిటినీ తిరగతోడవలసివస్తుంది. ఉందని తీర్మానిస్తే పరీక్షకురాలు ఊరుకోదు. రెండు గంటలు తర్జనభర్జన పడి, ‘అనుకేంద్రకము ఈ సంవత్సరము మొదలు ఐచ్ఛికము’ అని ఏకగ్రీవంగా ఆమోదించారు.

బాబాయి పొడిగింపు కాగితం మీద సంతకం పడలేదు. దానికి బదులు ఆయన సర్వీసు పుస్తకాన్ని తెరిచి ముందుకు నెట్టాడు శాఖాధిపతి, తల ఎత్తకుండానే. అందులో ఎర్రసిరాతో ఒక వాక్యం ఉంది: ‘ఇతడు గాజుపలకలలో గాలిబుడగలను రానిచ్చుచున్నాడు.’

“ఇందులో తప్పేమైనా ఉంటే చెప్పవయ్యా,” అన్నాడు శాఖాధిపతి, కొంచెం గరుకుగా, కొంచెం బతిమాలినట్లుగా.

బాబాయి కళ్ళద్దాలు సరిచేసుకొని, ఆ వాక్యాన్ని అక్షరం అక్షరం కూడబలుక్కొని చదివాడు. ఒక అడుగు వెనక్కి వచ్చి మళ్ళీ మొదటినుండి చదివాడు.

“లేదు సార్, సరిగ్గానే ఉంది,” అని, దాని కింద తన అసలు పేరు రాసి, సిరా ఆరేదాకా ఊది, పుస్తకం మూశాడు.