కజుకో గారితో తోటకి

పెనుగొలను అనే పల్లెటూరి అమ్మాయి రిబ్కా దగ్గర్లోని తిరువూరులో నర్సింగు చదివి, జపానులోని కనజావా నగరంలో ఒక వృద్ధాశ్రమంలో ఉద్యోగానికి వెళ్లింది. అక్కడ ఆమె చూసుకోవలసిన వారిలో కజుకో గారొకరు. ఎనభై దాటిన మనిషి, చక్రాల కుర్చీలోనే ఉండేవారు. ఎవరో పరాయి దేశపు పిల్ల తనకు తినిపించడం ఆవిడకు నచ్చలేదు. స్పూను దగ్గరికి తెస్తే మొహం తిప్పుకునేవారు.

ఆ ఊళ్లో కెన్‌రోకుఎన్ అని, వెనకటి ప్రభువులు వేయించిన పెద్ద తోట ఉంది. చెర్రీ పూలు విరగబూసిన ఏప్రిల్లో రిబ్కా ఆవిడను అక్కడికి తీసుకెళ్లింది. ఎటు చూసినా జనం. కాసేపటికే కజుకో గారు వెనక్కి తీసుకెళ్లమన్నారు. రిబ్కాకు ఏడుపొచ్చినంత పనైంది.

జూన్ ముసురులో మళ్లీ వెళ్లారు. తోట దాదాపు ఖాళీగా ఉంది. చెట్ల కింద నాచు తడిసి పచ్చగా మెరుస్తోంది. ఆవిడ కళ్లు మూసుకునేసరికి, నిద్ర పట్టిందనుకుని రిబ్కా కుర్చీ తిప్పింది.

"ఇంకాసేపు ఉందాం," అన్నారు కజుకో గారు. ఆవిడ రిబ్కాతో విసుగు లేకుండా మాట్లాడటం అదే మొదలు.

నవంబరులో వాళ్లు వెళ్లేసరికి తోటమాలులు మంచు బరువుకు విరగకుండా పైన్ కొమ్మలను తాళ్లతో పైకి కడుతున్నారు. తమ వైపు కాయల బరువుకు విరగకుండా మామిడి కొమ్మల కింద కర్రలు పెడతారని రిబ్కా వచ్చీరాని జపనీస్‌లో చెప్పింది. ఆవిడ నవ్వి, తప్పు పలికిన మాటను సరిచేశారు. ఆ తర్వాత రోజూ సరిచేస్తూనే ఉన్నారు.

మంచు పడే రోజుల్లో డాక్టరు ఆవిడను బయటికి పంపొద్దన్నాడు. రిబ్కా ఒక్కతే వెళ్లి ఫోనులో ఫొటోలు తీసుకొచ్చింది. కజుకో గారు ఫోను పక్కకు నెట్టేశారు.

"నువ్వు చెప్పు, వింటాను."

మంచులో అడుగు వేస్తే వచ్చే చప్పుడు, తాళ్ల మీద పేరుకున్న తెలుపు, చెరువు నీళ్ల నలుపు, తనకు తెలిసిన మాటలన్నీ కూడగట్టుకుని చెప్పింది రిబ్కా. పక్కన సూపు చల్లారిపోయిన సంగతి ఇద్దరూ గమనించలేదు.

ఒప్పందం ముగిశాక ఆమె తిరువూరు వచ్చేసింది. చరణ్ అనే అబ్బాయితో పెళ్లయింది. ఇప్పుడు నర్సింగు పిల్లలకు జపనీస్ నేర్పుతోంది.

కిందటి అక్టోబరులో, రిబ్కా పెనుగొలను పుట్టింట్లో ఉండగా, కజుకో గారి కూతురు వీడియో కాల్ చేసింది. అమ్మకు ఈమధ్య పేర్లు గుర్తుండటం లేదని ముందే చెప్పింది. నిజంగానే ఆవిడ రిబ్కాను పేరు పెట్టి పిలవలేదు. ఫోనులోకి కాసేపు పరకాయించి చూసి, "మీ ఊళ్లో ఇప్పుడేం పూసింది?" అని అడిగారు.

రిబ్కా ఫోను పట్టుకుని ఇంటి వెనక చేలోకి నడిచింది.

"పత్తండీ. ఈ లేత పసుపు పూలు రేపటికి గులాబీ రంగుకు తిరుగుతాయి."

"అయితే రేపు కూడా చూడాలి," అన్నారు ఆవిడ.

మర్నాడు రిబ్కాయే కాల్ చేసింది, చేలో నిలబడి.