ప్రార్థన చేసి తెరిచిన పెట్టె

మా చిన్నప్పుడు... అమలాపురంలో ఒక స్టేజీ మీద నా తల నిమిరిన చేతి వాసన నాకింకా గుర్తే. సెంటు, చెమట, వాడిన బంతిపూల దండ... మూడూ కలిసిన వాసన.

నాకు పుట్టుకతోనే వినికిడి తక్కువ. చెవి దగ్గరకొచ్చి అరిస్తే తప్ప మాట అందేది కాదు. రాజోలు దగ్గర మా ఊరి బడిలో నన్ను ఆఖరి బెంచీలో కూర్చోబెట్టారు. వినపడని పిల్లని వెనక్కి నెట్టడం ఏం తెలివో! మాస్టారు బోర్డు వైపు తిరిగి పాఠం చెప్పేవారు, నేను ఆయన వీపు చూస్తూ కూర్చునేదాన్ని. మూడో తరగతికి వచ్చేసరికి బడిలో నా పేరు 'మొద్దు' అయిపోయింది.

అప్పుడే అమలాపురంలో పిల్లలకి చెవి మిషన్లు ఇస్తున్నారని కబురొచ్చింది. అమ్మ నాకు రెండు జడలు వేసి, క్రిస్మస్ గౌను తొడిగి బస్సెక్కించింది. పొద్దున్న వెళ్తే మధ్యాహ్నం దాటేదాకా టెంటు బయట ఎండలో కూర్చోబెట్టారు. నడవలేని పిల్లలు, చూపులేని పిల్లలు, మాలాంటివాళ్ళం... అందరం ఒకే వరస. మిషన్లు పంచే పెద్దమనిషి వచ్చేదాకా మంచినీళ్ళిచ్చే దిక్కు లేదు.

ఆయన ఏం మాట్లాడారో నాకు తెలీదు. మైకు అదురు మాత్రం పొట్టలో తెలిసింది. తర్వాత నన్ను స్టేజీ ఎక్కించి, ఎర్ర రిబ్బను కట్టిన పెట్టె చేతిలో పెట్టి, తల నిమిరారు. ఫొటోగ్రాఫరు తన పళ్ళు చూపించి నవ్వమన్నాడు. నవ్వాను... మనస్ఫూర్తిగానే నవ్వాను.

మా ఇళ్ళల్లో కొత్త వస్తువు ఏదొచ్చినా పాస్టరుగారు ప్రార్థన చేశాకే ముట్టుకోవడం. అమ్మ కుట్టుమిషనుకీ అంతే, నాన్న సైకిలుకీ అంతే. అందుకే బస్సులో రిబ్బను లాగబోతే అమ్మ నా చేతిమీద ఒక్కటిచ్చింది.

సాయంత్రం పాస్టరుగారు వచ్చారు, ఇరుగుపొరుగూ వచ్చారు. పెట్టె మీద చెయ్యి ఉంచి ఆయన చాలాసేపు ప్రార్థన చేశారు. నేను ఆయన పెదాలనే చూస్తూ, ఆగగానే అందరికంటే గట్టిగా "ఆమేన్" అన్నాను. నాన్న రిబ్బను విప్పారు. లోపల తెల్లటి థర్మోకోలు... అందులో మిషను ఆకారంలో ఒక గుంట. అంతే!

పాస్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అందరూ ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు.

మర్నాడు నాన్న అమలాపురం వెళ్తే, మిషన్లు పంచినవాళ్ళ ఆఫీసులో గుమస్తా ఏమాత్రం తడుముకోకుండా చెప్పాడట: "అది ఫొటోకి ఇచ్చేరండి... మిషను తర్వాత వస్తాదండి. ఆ పెట్టి ఇలా ఇచ్చెయ్యండి, రేపు కొత్తపేటలో ఇంకో మీటింగుందండి."

నాన్న "ఆయ్" అని పెట్టె ఇచ్చేసి వచ్చారు. ఛీ! ఖాళీ పెట్టెని కూడా ఉంచుకోనివ్వలేదు.

మిషను రాలేదు. ఫొటో మాత్రం వచ్చింది... ఫ్రేము కట్టి మా బడి ఆఫీసు గదిలో తగిలించారు. ఎవరైనా పెద్దలొస్తే హెడ్మాస్టరుగారు దాన్ని చూపించి "మా పిల్లేనండి, మిషను ఇప్పించేం" అనేవారు. ఆ పిల్ల ఇంకా ఆఖరి బెంచీలోనే ఉంది.

చివరికి అమ్మే ఏదో ఒకటి చేసింది. గోడకున్న చర్చి క్యాలెండరు తీసి గొట్టంలా చుట్టి, ఒక కొస నా చెవికి ఆనించి, రెండో కొసలోంచి పాఠం చదివేది. ఏడో తరగతి చదివిన మనిషి... నోరు తిరగని సైన్సు మాటలు కూడబలుక్కుని మరీ చదివేది. ఇంటర్లో నాన్న మిషను కొనేదాకా నా చదువంతా ఆ గొట్టంలోంచి వచ్చిందే.

ఇదంతా ఇప్పుడెందుకంటే... మా తమ్ముడి కూతురు గ్రేసీ రెండో తరగతి. దానికీ నాలాగే. వాళ్ళ బడిలో ఇలాంటి పిల్లల కోసమని ఒక గది ఉంది, గుమ్మం మీద రంగురంగుల బోర్డు కూడా ఉంది. తాళం ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు. కిటికీలోంచి చూస్తే విరిగిన బెంచీలు.

పోయిన నెల మళ్ళీ అమలాపురంలో మిషన్లు ఇస్తున్నారంటే నేనే తీసుకెళ్ళాను. అదే టెంటు, అదే బంతిపూలు, అదే ఎర్ర రిబ్బను. స్టేజీ మీద గ్రేసీ చేతిలో పెట్టె పెట్టారు. ఫొటోగ్రాఫరు కెమెరా ఎత్తాడు. నేను గ్రేసీ ముఖానికి ఎదురుగా వంగి, "విప్పమ్మా" అన్నాను.

విప్పింది. తెల్లటి థర్మోకోలు... గుంట.

"మేడంగారూ, అది ఫొటోకేనండి... మిషను తర్వాత వస్తాదండి," అన్నాడు నిర్వాహకుడు, ముఖం మీది నవ్వు చెదరకుండా.

"మా నాన్నగారికీ ఇదే చెప్పేరండి. నాకు పెళ్ళయి పిల్లలు పుట్టేరు... ఇంకా రాలేదండి," అన్నాను.

ఫొటో లేకుండానే దిగిపోయాం. వరసలో ఉన్న ఒక తల్లి నా చెయ్యి పట్టుకుని, "ఎందుకండీ గొడవ? ఇచ్చేది కూడా ఇవ్వరండి," అంది. ఆమె మీద నాకు కోపం రాలేదు. ఆమెనలా భయపెట్టి కూర్చోబెట్టినవాళ్ళ మీదే వచ్చింది.

గ్రేసీకి మిషను మేమే కొంటున్నాం, వచ్చేవారం వస్తుంది. కొనలేనివాళ్ళు ఆ వరసలోనే ఉన్నారు.

అందాకా నేనే సాయంత్రాలు క్యాలెండరు చుట్టి దాని చెవికి ఆనిస్తున్నాను. మా చిన్నప్పటికీ ఇప్పటికీ మారింది ఒక్కటే... ఇప్పటి క్యాలెండరు కాగితం మరీ పల్చన, పాఠం సగంలోనే నలిగిపోతోంది.

మీ ఊరి బడి గోడ మీద కూడా పెట్టె పట్టుకుని నవ్వుతున్న పిల్ల ఫొటో ఉందా? ఉంటే... ఆ పిల్ల ఎక్కడుందో కనుక్కుని, పెట్టెలో ఏముందో అడిగి, వచ్చి ఇక్కడ రాయండి.