ఒక్క యుద్ధానికే చోటు

మా బాబాయికి బొద్దింకంటే హడల్. ఆయన ముందుగది నిండా మాత్రం యుద్ధాలే. విక్టోరియా రాణి కాలంలో లోహపు రేకు మీద సన్నటి గీతలు చెక్కి, సిరా పూసి, కాగితం మీద అచ్చు తీసిన బొమ్మలవి. పాత సామాన్ల కొట్లన్నీ జల్లెడ పట్టి ఇరవై మూడు పోగేశాడు. చూడవచ్చినవాళ్ళు ఫిరంగులు చూస్తారు, గుర్రాలు చూస్తారు. ఈయన దర్జీ కదా, భూతద్దం పెట్టి కాలర్లు చూస్తాడు. "ఈ సేనాపతికి భుజం కుట్టు ఎక్కడ పడిందో చూడవే! చెయ్యెత్తితే చంక పిగిలిపోదూ?" అని నాకు చూపించి పడీపడీ నవ్వుతాడు.

కిందటి నెల కుట్టు దుకాణం ఇంటికే మారింది. ముందుగదిలో బట్టలకి అరలు కొట్టాలి. బట్ట కత్తిరించేది పిన్ని, కాబట్టి అక్కడ ఆమె మాటే చట్టం. ఎడమచేతిలో కత్తెర ఆడిస్తూ చెప్పేసింది.

"ఒక్క బొమ్మకి చోటుందండీ. మిగతావి అటకెక్కించండి."

"ఒక్కటేనా?" బాబాయి మొహం పాలిపోయింది. ఇరవయ్యేళ్ళ ముచ్చట మరి, నాకూ మనసు చివుక్కుమంది.

వారం రోజులు ఆయనకు అన్నం సయించలేదు. రంగులద్దిన పెద్ద కోట ముట్టడి ఉంచుకుంటాడనుకున్నాను. తీరా ఆదివారం పుస్తకమంత బొమ్మ ఒకటి పట్టుకొచ్చాడు, అంచులన్నీ మరకలు. నాకు ఒళ్ళు మండింది.

"అన్నిట్లోకీ అధ్వాన్నం ఇదే కదా బాబాయ్!"

"సరిగ్గా చూడు," అని భూతద్దం చేతిలో పెట్టాడు.

గుండీలన్నీ ఆడవాళ్ళ కోటుకుండే వైపున ఉన్నాయి. ఒరలు కుడిపక్కన. సిపాయిలందరూ ఎడమచేత్తోనే కత్తి దూశారు! రేకు మీద కుడిఎడమలు మార్చి చెక్కితేనే అచ్చులో సరిగ్గా పడుతుంది. ఇది చెక్కిన మహానుభావుడు బొమ్మ కింది అక్షరాలు గుర్తుపెట్టుకుని మార్చాడు, సైన్యాన్ని మార్చడం మర్చిపోయాడు.

"మీ పిన్ని ఎడమచేత్తో కత్తెర పడితే కొట్లో అందరూ నవ్వేవాళ్ళు," అన్నాడు బాబాయి. "చిన్నప్పుడు వాళ్ళమ్మ ఆ చేతి మీద ఎన్ని దెబ్బలేసిందో. ఇక్కడ చూడు, దండు దండంతా ఆమె పక్షమే. ఇదొక్కటి కళ్ళెదుట ఉంటే చాలు నాకు."

పిన్ని బొమ్మ అందుకుని చాలాసేపు చూసింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత అరల కోసం గోడ మీద గీసిన సుద్దగీత చెరిపేసి, రెండు జానలు కిందికి దించి గీసింది.

"పైన ఇంకో పది పడతాయి, తెండి," అంటూ ఎడమచేత్తో సుత్తి పుచ్చుకుని మొదటి మేకు తనే కొట్టింది.